ముందు చక్రం

నా రాతలో ఒత్తులూ దీర్ఘాలూ తప్పుగా పడితే దిద్దుకుని చదవమని మొదటి వారమే మనవి చేసుకున్నాను. ఇప్పుడూ అదే మాట. వేరేవాళ్ళు ఒక పూటలో రాసేది నాకు వారమంతా పడుతుంది. ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు కదా, పిలిస్తే వస్తాయి గానీ పిలవకుండా రావు. ఈసారి పత్రికవాళ్ళు మనిషిని పంపి మా గుమ్మంలో కూర్చోబెడితే గానీ ఈ భాగం తెమల్లేదు. పాపం ఆయనకు కూడా క్షమాపణలు.

ఎక్కడ ఆపామో చెబుతాను. చదువు కోసం మేనత్త ఇంట్లో ఉంటున్న మన పిల్లను, సన్నగా పొడుగ్గా ఉంటుందని, కాలేజీ పరుగు జట్టులో అందరూ చువ్వ అంటారు. ఏడాది చివర్లో జరిగే పెద్ద పోటీలో గెలిచినవాళ్ళకు ఆటల కోటాలో పైచదువు సీటు వస్తుంది. ఆ సీటు చువ్వదేనని ఊరంతా అనుకుంటుండగా మోకాలి కింద ఎముక సన్నగా చిట్లింది. ఆమె చోటు జట్టులో రెండో పిల్లకు వెళ్ళిపోయింది. ఆ పిల్లను తేనె అంటారు, ఎవరితోనైనా అంత తియ్యగా మాట్లాడుతుంది గనుక. చువ్వకు ప్రాణ స్నేహితురాలు. చువ్వ కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంటే, తేనె పలకరించడానికి వచ్చింది. వచ్చినప్పుడు ఒంటి మీద ఉన్నది చువ్వ జట్టు చొక్కా. అక్కడ ఆపాను.

ఆ భాగం చదివి, పోనీలే, ఆ పిల్ల చేత క్షమింపజేయమని కొందరు కబురు చేశారు. మంచి మనసున్నవాళ్ళు. కానీ చువ్వకు ఇంకా మెట్లు దిగేటప్పుడు కాలు సలుపుతోంది. సలుపుతున్న కాలితో ఉన్న పిల్లకు క్షమించమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీ ఇళ్ళలో ఎవరినైనా క్షమించాలనుంటే మీరు క్షమించుకోండి. ఇక కథలోకి వద్దాం.

ఆ ఆదివారం పొద్దున కోచ్ సార్ అత్త ఇంటికి వచ్చాడు. ఎక్కి రాలేదు, తన సైకిలును పక్కన నడిపించుకుంటూ వచ్చాడు.

ఆ సైకిలు గురించి కాస్త చెప్పాలి. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, దానికి చుట్టిన నల్ల పట్టీ చెమటకు నిగనిగలాడుతుంటుంది. బొటనవేలంత సన్నటి టైర్లు. కొమ్ముల మధ్య అగ్గిపెట్టెంత మీటరు. సార్ మోకాలు ఏనాడో దెబ్బతింది, పరిగెత్తలేడు. అందుకని దూరం పరుగు ఉన్న రోజుల్లో ఆయన ఆ సైకిలు మీద ముందు వెళతాడు, జట్టు వెనక పరిగెత్తాలి. ఆ రోజుల్లో ఎవరి చేతికీ గడియారం ఉండకూడదు. గడియారం చూసుకునేవాడు గడియారంతో సరిపెట్టుకుంటాడని ఆయన సిద్ధాంతం. నా వెనక చక్రం చూడండి, దాన్ని దాటొద్దు, దాన్ని వదలొద్దు అనేవాడు. మీటరు చూసే పని ఆయనది, చక్రం చూసే పని వాళ్ళది. మొదటి సంవత్సరం నుంచీ చువ్వ చూసింది ఆ చక్రాన్నే. పుస్తకాల్లో ఏ పేజీ అంతగా చూసి ఉండదు.

సార్ వచ్చిన పని ఏమిటంటే, మోకాలు ఇప్పుడు తొక్కడానికి కూడా ఒప్పుకోవడం లేదట. సైకిలు అమ్మేస్తాడట. బయటివాళ్ళకు అమ్మేముందు చువ్వకు చెబుదామని వచ్చాడట. డాక్టరు ఎలాగూ పరుగు వద్దన్నాడు గానీ, నొప్పి రానంతవరకు సైకిలు తొక్కుకోమన్నాడు కదా. ఊపిరి పాడవకుండా ఉంటుంది, తొడలు కరిగిపోకుండా ఉంటాయి, ఎముక అతికే వేళకు పరుగు ఎదురు చూస్తూ ఉంటుంది. ఇదంతా నచ్చజెబుతూ సార్ మంచి రోడ్ బైక్ అన్నాడు.

కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములు బిగించే అత్త, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, బైక్ అంటే పెట్రోలు ఎవరు పోయిస్తారని అడిగింది. సార్ సైకిలును ఒక్క వేలితో ఎత్తి చూపించాడు. ఇంత తేలికైన దానికి అంత ధర చెప్పడానికి మీకు మొహమాటంగా లేదా అంది అత్త.

సార్ సైకిలును గోడకు ఆనించి, నిదానంగా ఆలోచించుకోండి, సాయంత్రం వస్తానని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. అత్తా మేనకోడలూ దాని ముందు నిలబడ్డారు.

చువ్వ పేరు మీద దాచిన కొద్ది డబ్బు ఉంది. వచ్చే ఏడాది పరుగు బూట్లకు, పోటీల ప్రయాణాలకు అని దాచింది. సైకిలు కొంటే అది కాస్తా పోతుంది. ఎముక అతికాక మళ్ళీ జట్టులో నిలబడాలంటే అరిగిన బూట్లతోనే నిలబడాలి. అరిగిన బూట్లు మళ్ళీ ఎముక మీదికి తెస్తాయి. కొనకపోతే మాత్రం ఆ నెలలన్నీ కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోవాలి. అత్త ఈ రెండువైపులా చెప్పి, ఏ వైపూ తేల్చకుండా, నీకు నిజంగా ఎందుకు కావాలో చెప్పమంది.

చువ్వ ఊపిరి గురించి చెప్పింది. తొడల గురించి చెప్పింది. అత్త వింటూనే ఉంది.

“అది సార్ చెప్పిన పాఠం. నీది చెప్పు.”

చువ్వ హ్యాండిలుకు చుట్టిన పట్టీని గోకింది. గోకుతూనే చెప్పింది. తేనె పరిగెత్తే రోడ్డు మీద రోజూ పొద్దున్నే ఈ సైకిలు మీద ఆమె పక్కనుంచి దూసుకుపోవాలి. ఒక్కమాట మాట్లాడకూడదు, తల తిప్పకూడదు. నా చొక్కా వేసుకుని అది ఎంత పరిగెత్తినా నా వెనకే ఉండాలి. పోటీ రోజు వరకు దానికి కనిపించేది నా వీపొక్కటే కావాలి.

అత్త నవ్వలేదు, తిట్టలేదు.

“మీ మామయ్య మీద కోపంతో ఒకసారి ఎర్ర చీర కొన్నానే. అంత ఖరీదైన చీర మన ఇంట్లో లేదు. ఇప్పటికీ మడత విప్పలేదు. కట్టుకుంటే ఆ రోజు కోపమే గుర్తొస్తుంది, కట్టుకోకపోతే డబ్బు గుర్తొస్తుంది.”

“నేను రోజూ తొక్కుతాను అత్తా.”

“అదే నా భయం” అంది అత్త. కళ్ళజోడు కొనేవాళ్ళు కూడా ఒకసారి పెట్టుకుని వీధిలోకి చూస్తారు, ముందు ఎక్కి ఒక చుట్టు తిరిగి రా, ఆ తర్వాత మాట్లాడుకుందామని చెప్పి లోపలికి వెళ్ళింది.

చువ్వ జట్టు దూరం పరుగుకు వెళ్ళే రోడ్డే పట్టింది. మొదట్లో సైకిలు తూలింది. కాళ్ళు ఆనకుండా వెళ్ళడం ఆమెకు కొత్త, నేల మీద అడుగు పడకుండా దూరం తరగడం ఇంకా కొత్త. కాసేపటికి నడుం వంచి కొమ్ములు పట్టుకోవడం అలవాటైంది. గాలి చెవుల్లో ఊళ వేసింది. నొప్పి లేదు. కాలు విరిగిన తర్వాత మొదటిసారి ఆ పిల్ల తనంతట తాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి వేగంగా వెళ్ళింది.

రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు ఉంటాయి. మొదటి రాయి వచ్చినప్పుడు చువ్వ మీటరు చూసింది. అది ఇంకా కిలోమీటరు చూపించలేదు. రాయి దాటి కొంత దూరం వెళ్ళాక గానీ అంకె మారలేదు. రెండో రాయి దగ్గర ఆ తేడా రెట్టింపైంది. మూడో రాయి దగ్గర ఇంకా పెరిగింది. పాతదై మీటరు చెడిపోయి ఉంటుంది, ధర తగ్గించమని అడగొచ్చని అనుకుంటూ దిగి, సైకిలును ఒక పిట్టగోడకు ఆనించింది. ఆనించి వెనక్కి జరిగి చూసినప్పుడు కనిపించింది.

ముందు చక్రం, వెనక చక్రం సమానంగా లేవు. ముందుది కాస్త పెద్దది. పక్కపక్కన పెడితే గానీ తెలియనంత కొంచెం. వెనక చక్రం చువ్వలు మసకబారి ఉన్నాయి, ముందు చక్రానివి ఇంకా మెరుస్తున్నాయి.

అప్పుడు చువ్వకు పాత సంగతి గుర్తొచ్చింది. వానలు మొదలైన రోజుల్లో సార్ ఈ సైకిలుతో గుంటలో పడ్డాడు. ముందు చక్రం ఎనిమిది అంకెలా మెలిక తిరిగింది. తేనె వాళ్ళ అన్న సైకిలు దుకాణంలో పనిచేస్తాడు. అతనే ఈ సైకిలును ఆ రోజే దుకాణానికి తీసుకెళ్ళి, మర్నాటికి వేరే చక్రం వేసి పంపించాడు. జట్టంతా సంతోషించింది, చువ్వ కూడా చప్పట్లు కొట్టింది.

నాకు సైకిలు తొక్కడం రాదు. ఈ మీటరు సంగతి తెలిసినవాళ్ళను అడిగి, అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని రాస్తున్నాను. ఆ మీటరుకు దూరం తెలియదట. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో ఒక్కటే తెలుస్తుందట. ఒక చుట్టుకు ఎంత దూరమో కొన్నరోజే మనం దానికి చెప్పి పెట్టాలి. చక్రం మారిస్తే మళ్ళీ చెప్పాలి. పెద్ద చక్రం వేసి చెప్పకుండా ఊరుకుంటే, పాపం అది పాత చిన్న చక్రం లెక్కే చెబుతూ ఉంటుంది. సైకిలు వేగంగా పోతుంటే నెమ్మదిగా పోతోందని చూపిస్తుంది. ఎక్కువ దూరం పోతే తక్కువ దూరం పోయామంటుంది. సార్ దాన్ని చూసి, తేలిక పరుగుకైనా ఈ వేగం చాలదు, ఇంకాస్త తొక్కాలి అనుకుని తొక్కేవాడు. వెనక పిల్లలు ఆ చక్రాన్ని వదలకూడదు కాబట్టి పరిగెత్తేవాళ్ళు.

చువ్వ పిట్టగోడ మీద కూర్చుంది. వానల తర్వాత రోజులు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఇవాళ కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తాల్సిన పరుగు అనేవాడు సార్, నోరు తెరిస్తే ఊపిరి అందేది కాదు. వానాకాలం బద్ధకం అని వెక్కిరించేవాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఏదో ఒకటి చెప్పి వెనకబడేవాళ్ళు. తేనెకు రోజూ డొక్కలో పోటు వచ్చేది. చువ్వ ఒక్కతే చక్రాన్ని వదలలేదు. తేలిక పరుగే ఇంత కష్టంగా ఉందంటే లోపం నాలోనే ఉందనుకుంది. ఎవరికీ చెప్పకుండా సాయంత్రాలు ఇంకాస్త పరిగెత్తింది. ఎముకలో మొదటిసారి నొప్పి పుట్టినప్పుడు పళ్ళు బిగించింది. దాన్ని అందరూ పట్టుదల అన్నారు.

ఆమెకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ కోపానికి సరైన మనిషి దొరకలేదు. తేనె మీద చొక్కా కోపం, డాక్టరు మీద పరుగు వద్దన్నందుకు కోపం, ఎముక మీద చిట్లినందుకు కోపం. అవన్నీ చిల్లర కోపాలు. ఇప్పుడు ఒకే మనిషి మీదికి అన్నీ వచ్చి చేరాయి. చక్రం మార్చుకుని, మీటరుకు చెప్పాలన్న జ్ఞానం లేకుండా, ఒక పిల్ల కాలిని ఇన్ని నెలలు రోడ్డుకేసి కొట్టిన సార్ మీదికి.

ఇంటికి వచ్చి సైకిలు కొంటున్నానని చెప్పింది. అత్త ఆమె ముఖం వంక చూసి, తొక్కి వచ్చావా, ఎవరినైనా తొక్కేసి వచ్చావా అని అడిగింది. ఎందుకు కొంటున్నదీ చువ్వ ఈసారి చెప్పలేదు. అత్త అడగడం మానేసింది. అలా అడగడం మానేసినప్పుడే అత్తకు ఎక్కువ తెలుస్తుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

కొనకపోతే సార్ దాన్ని ఇంకెవరికో అమ్మేస్తాడు, ముందు చక్రం వాళ్ళతో పాటే వెళ్ళిపోతుంది. చక్రం చేతిలో లేకుండా ఎంత అరిచినా, కాలు విరిగిన పిల్ల కడుపుమంట అంటారు. అందుకని ముందు అది తనదవ్వాలి. ఆ తర్వాత జట్టంతా ఉన్నప్పుడు, తేనె ఉన్నప్పుడు, వీలైతే ప్రిన్సిపాలు కూడా ఉన్నప్పుడు, సైకిలును కిలోమీటరు రాయి పక్కన నిలబెట్టి మీటరు చదవమని సార్‌నే అడగాలి. ఆయన నోటితోనే చదివించాలి. ఇదీ ఆ పిల్ల వేసిన ఎత్తు. నాకైతే బాగానే అనిపించింది.

సాయంత్రం సార్ వచ్చి, కొంటానన్న మాట విని పొంగిపోయాడు. పొంగిపోయి తనే ఇంకో మాట అడిగాడు. ఎలాగూ సైకిలు నీదైంది, నేను తొక్కలేను, దూరం పరుగు రోజుల్లో నా బదులు నువ్వు ముందు వెళ్ళవా తల్లీ, తేనెను పోటీకి నువ్వే తయారు చేసినట్టుంటుంది, జట్టు రుణం తీర్చుకున్నట్టూ ఉంటుంది అన్నాడు. ఏ రుణమో ఆయనకే తెలియాలి. చువ్వ ఆయన వంక చూసి, సరే సార్, రేపటి నుంచే వస్తానంది. జట్టంతా రేపే వస్తుందని ఆయనే చెప్పాడు మరి.

మర్నాడు తెల్లవారగానే, కాలేజీ మైదానం గేటు దగ్గర చువ్వ సైకిలు పట్టుకుని నిలబడింది. చెప్పాల్సిన మాటలు నోట్లో సిద్ధంగా పెట్టుకుని వచ్చింది. జట్టు ఇంకా రాలేదు. మొదట వచ్చింది తేనె.

తేనె ఆ చొక్కాలోనే ఉంది. సైకిలును చూసి ఒక్క క్షణం ఆగి, తర్వాత నవ్వుతూ దగ్గరికొచ్చింది. కాలెలా ఉందే అని అడిగింది, నువ్వు ముందుంటే నాకు ధైర్యంగా ఉంటుందే అంది, కొత్తగా కొన్నందుకు స్వీట్లేవీ అంది. అన్నీ తియ్యగానే అంది. చువ్వ ఊఁ కొట్టింది. తేనె వంగి బూటు తాడు కట్టుకుంటూ, తల ఎత్తకుండానే, మాటల్లో మాటగా అడిగింది.

“మీటరు సరిచేయించావా మరి?”

చువ్వ మీటరు వైపు చూసింది.

“దేనికి?”

“ముందు చక్రం పెద్దది కదా. తక్కువ చూపిస్తుంది. చేయించకపోతే చచ్చిపోతాం పరిగెత్తలేక.”

“నీకెవరు చెప్పారు?”

“మా అన్న.”

“ఎప్పుడు?”

తేనె తాడు కట్టడం ఆపింది. అప్పుడు తల ఎత్తింది. తానేం అన్నదో ఆ పిల్లకు అప్పుడు అర్థమైంది. అబద్ధం చెప్పొచ్చు, నిన్ననో మొన్ననో చెప్పాడని. తేనె అబద్ధాలు చెప్పలేని పిల్ల కాదు. ఎందుకో చెప్పలేదు.

“వేసిన రోజే” అంది.

చువ్వ వెనక్కి లెక్క వేసుకుంది.

“వేసిన రోజే అంటే వానలప్పుడు.”

“అవును.”

“డొక్కలో పోటు?”

“పోటేం లేదే. చక్రం తప్పని నాకు తెలుసు. తెలిసి ఎవరైనా పరిగెత్తుతారా?”

“నేను పరిగెత్తాను.”

తేనె లేచి నిలబడింది. సార్‌కు చెప్పమని అన్న తనతోనే చెప్పి పంపాడని, చెబుదామనే ఆ రోజు బయలుదేరిందని, మైదానానికి వచ్చేసరికి సార్ అందరి ముందూ చువ్వను మెచ్చుకుంటూ ఉన్నాడని చెప్పింది. రేపు చెబుదామనుకుందట. ఆ రేపు చువ్వ ముఖం ఎర్రబడటం చూసిందట. మొదటి సంవత్సరం నుంచీ ఆ ముఖం ఎప్పుడూ అలా కావడం చూడలేదట. ఇంకో రోజు చూద్దామనిపించిందట.

“నువ్వు చక్రం చూసుకుంటూ పరిగెత్తావు. నేను మొదటి నుంచీ నీ వీపు చూసుకుంటూ పరిగెత్తాను. ఒక్కసారి నువ్వు వెనకబడితే చాలనుకున్నానే. ఒక్కసారి. నువ్వు వెనకబడలేదు. ఎముక విరుగుతుందని నాకేం తెలుసు?”

“విరిగాక తెలిసింది కదా.”

“తెలిసింది.”

“అప్పుడైనా చెప్పలేదు. చొక్కా తొడుక్కుని వచ్చావు.”

దూరంగా జట్టు మాటలు వినిపిస్తున్నాయి, సార్ ఈల వినిపిస్తోంది. తేనె గబగబా చువ్వ చేయి పట్టుకుంది. సార్‌కు చెప్పొద్దు, తెలిసి కూడా చెప్పలేదని మా అన్నను పనిలోంచి తీసేస్తారు, నన్ను జట్టులోంచి తీసేస్తారు, సీటు పోతుంది, నీ కాళ్ళు పట్టుకుంటాను అంది. ఏ కాలు పట్టుకుంటావని అడుగుదామనుకుంది చువ్వ. అడగలేదు.

నిన్నంతా పోగు చేసుకున్న కోపం సార్ మీదిది. ఆయన ఒట్టి మూర్ఖుడు. మూర్ఖుడి మీద పగ తీర్చుకుంటే నోటికి రుచి కూడా తగలదు. రోజూ పక్కనే బయలుదేరి, రోజూ నీళ్ళ సీసా పంచుకుని, నొప్పిగా ఉందే అంటే తగ్గిపోతుందిలే అని వీపు నిమిరిన మనిషికి తెలుసు. తెలిసి నిమిరింది.

“సరిచేయించావు కదా?” తేనె మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు తగ్గించి.

“చేయించాను. నిన్ననే.”

“ఒట్టు?”

చువ్వ సైకిలును నడుముకు ఆనించుకుని, కుడిచేయి ఎత్తి, తేనె తల మీద పెట్టింది. నూనె రాసి బిగించి దువ్విన జుట్టు, ఇంకా తడిగా ఉంది. అరచేయి మొత్తం ఆనేలా పెట్టింది.

“నీ మీద ఒట్టు.”

అబద్ధపు ఒట్టు ఎవరి తల మీద వేస్తే ఎవరికి తగులుతుందో ఆ ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. తేనె కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. నమ్మింది.

సార్ వచ్చాడు, జట్టు వచ్చింది. మీటరు బాగానే ఉందా తల్లీ అని సార్ అందరి ముందూ అడిగాడు. చువ్వ కోరుకున్న ఘడియ అదే, కోరుకున్న మనుషులు వాళ్ళే. నోట్లో పెట్టుకుని వచ్చిన మాటలన్నీ మింగేసింది. బాగుంది సార్ అంది. ఇవాళ తేలిక పరుగు, కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళిరండి అన్నాడు సార్. సైకిలు కదిలింది. వెనక అడుగులు కదిలాయి.

మీటరు ఎంత వేగం చూపించాలో సార్ చెప్పాడు. చువ్వ సరిగ్గా అంతే చూపించేలా తొక్కింది, ఒక్క పిసరు ఎక్కువ లేదు. తాను చేస్తున్నది ఇంకేమీ లేదు. సార్ ఏం చేశాడో అదే. మొదటి రాయి దాటేసరికి వెనక మాటలు ఆగిపోయాయి. రెండో రాయి దగ్గర ఒకరు బూటులో రాయి పడిందని ఆగారు, ఇంకొకరు దాహం అన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే పలచబడ్డారు. చివరికి ఒకే జత అడుగులు మిగిలాయి.

ఆ అడుగులు ఎవరివో చూడకుండానే తెలుసు. ఇవాళ తేనెకు డొక్కలో పోటు రాదు. మీటరు సరిగ్గా ఉందని నమ్మింది గనుక, ఇది తేలిక పరుగే అనుకుంటుంది. తేలిక పరుగులో ఊపిరి అందకపోతే లోపం తనలోనే ఉందనుకుంటుంది. పళ్ళు బిగిస్తుంది. సాయంత్రం ఇంకాస్త పరిగెత్తుతుంది. రేపు మళ్ళీ ఈ చక్రం వెనకే వస్తుంది. ఆ తర్వాతి రోజూ వస్తుంది. చువ్వ చేయాల్సిందల్లా రోజూ పొద్దున లేవడం ఒక్కటే. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఆమె పెదవులు తమంతట తామే విచ్చుకున్నాయి.

కొంత దూరం పోయాక ఆ అడుగుల్లో తేడా వచ్చింది. ఒకటి గట్టిగా పడుతోంది, ఇంకొకటి తేలిగ్గా, నేలను చూసి భయపడినట్టు పడుతోంది. అలాంటి అడుగు చప్పుడు చువ్వ ఇంతకు ముందు విన్నది తన కాలి కిందే. ఎముక చిట్లే ముందు వారం అంతా అలాగే వినిపించింది. అప్పుడు ఎవరైనా ఆపి ఉంటే చిట్లేది కాదని డాక్టరు అన్నాడు.

వేళ్ళు వాటంతట అవే బ్రేకు మీదికి వెళ్ళాయి. నొక్కలేదు. ముందు రోడ్డు పల్లంలోకి దిగుతోంది. పల్లంలో దిగేటప్పుడే ఎముక మీద ఎక్కువ బరువు పడుతుంది, అది కూడా డాక్టరే చెప్పాడు.

“ఆపకు” అంది వెనక నుంచి తేనె.

ఊపిరికీ ఊపిరికీ మధ్య, విడివిడిగా వచ్చాయి మాటలు. తియ్యదనం ఏమీ లేదు వాటిలో.

“సరిచేయించలేదని తెలుసు. మొదటి రాయి దగ్గరే తెలిసింది. ఈ వేగం నాకు తెలియదా? పోనియ్. ఇవాళ నేను వెనకబడను.”

చువ్వ తల తిప్పలేదు. తిప్పితే ఆ ముఖం చూడాలి. బ్రేకు నొక్కితే దాన్ని క్షమించినట్టవుతుంది, నొక్కకపోతే అది అడిగి తీసుకున్నట్టవుతుంది. ఏ వైపు చూసినా పగ తన చేతుల్లోంచి జారి వెనక పరిగెత్తుతున్నదాని చేతుల్లోకి వెళ్ళిపోయింది. గట్టి అడుగు కుంటి అడుగు, గట్టి అడుగు కుంటి అడుగు, దగ్గరగా వస్తూనే ఉంది.

ఏం చేయాలో తేల్చుకునేలోపే పల్లం మొదలైంది. తొక్కకుండానే సైకిలు వేగం అందుకుంది.

ఇట్లు
మా వీధిలో అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి, వయసు అరవై తొమ్మిది, ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి ఇంట్లో, మేడ మీది గదిలో.